ఎఫ్‌టూ నొక్కితే చాలు

7 జూన్ 2004, సోమవారం

ఎరువుల కొట్టువాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ మా ఆవిడ లూదియా దీని మీద వేడి గిన్నెలు దించుతోంది. అట్ట మీద గుండ్రంగా మచ్చ పడింది. ఈరోజు నుంచి ఇందులో నేను రాసుకుంటాను.

నేను పనిచేసే నంద్యాల ఫోటో స్టూడియో ఓనరు హరన్న డిజిటల్ కెమెరా తెచ్చాడు. దానికి కుంకుమ బొట్టు పెట్టి, టెంకాయ కొట్టి, అందరికీ తలా ముక్క పెడుతూ చెప్పాడు.

"చూడండప్పా, ఇంక కంప్యూటర్ కాడ నాకు ఇద్దరు అక్కర్లేదు. వినాయక చవితికల్లా ఒకరే. ఎవరనేది పని చూసి చెప్తా."

ఆ ఇద్దరం నేనూ, ఈశ్వరన్నా. ఆయన నాకంటే పెద్ద. నెగెటివ్ మీద పెన్సిల్‌తో మొటిమలు తీసిన కాలం నుంచి ఈ పనిలో ఉన్నాడు. నాకు పని నేర్పింది కూడా ఆయనే. కాబట్టి ఆయనతో నాకు పోటీ ఏమీ లేదు. ఊరికే రాస్తున్నాను.

మామూలుగా పూజ చేసిన టెంకాయ నేను తీసుకోను. హరన్నకు తెలుసు, పెట్టడు. ఈరోజు పెట్టాడు. తిన్నాను. లూదియాకు చెప్పలేదు.

9 జూన్

పెళ్ళి ఫోటోలు. తెరువు, అద్దం తిప్పు, సైజు చెయ్యి, రంగు ఎత్తు, అంచు కట్టు, మూల స్టూడియో పేరు వెయ్యి, దాచు. తెరువు, అద్దం తిప్పు, సైజు చెయ్యి.

అద్దం తిప్పడం మా స్టూడియోకే ఉన్న పీడ. స్కానర్‌లో నెగెటివ్ పట్టుకునే పట్టీ విరిగింది. బోర్లా పెడితేనే నిలుస్తుంది. బోర్లా పెడితే కుడి ఎడమ, ఎడమ కుడి అవుతాయి. మళ్ళీ తిప్పాలి. కొత్త పట్టీ తెప్పిద్దామని నేను చేరిన రోజు హరన్న అన్నాడు. నాకు పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టారు, పట్టీ రాలేదు.

10 జూన్

తెరువు, అద్దం తిప్పు.

11 జూన్

ఒక మీట నొక్కబోయి ఇంకోటి నొక్కాను. తెర పక్కన ఒక పెట్టె వచ్చింది. పైన యాక్షన్స్ అని ఉంది, కింద టేప్‌రికార్డర్‌కు ఉన్నట్టు ఎర్రటి గుండు. ఆ గుండు నొక్కి ఒక ఫోటోకు పని మొత్తం చేసి ఆపేశాను. ఆ పనులన్నీ వరుసగా రాసుకుని కూర్చుంది. ఒక్కో పని ముందర ఒక్కో టిక్కు. దానికి ఎఫ్‌టూ మీట ఇచ్చాను, ఏలీయా అని నా పేరే పెట్టాను.

ఇంకో ఫోటోల కట్ట చూపించి ఎఫ్‌టూ నొక్కాను. అది చేస్తూనే పోయింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని చూశాను. ఐదేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదా అనిపించింది. కొంచెం సిగ్గేసింది. ఎక్కువ సంతోషమే వేసింది.

14 జూన్

ఎవరికీ చెప్పలేదు. హరన్న లోపలికొస్తే మౌస్ కదుపుతాను, నొసలు చిట్లిస్తాను. ఉమాదేవి వదిన, అంటే హరన్న భార్య, కౌంటర్ దగ్గర నుంచి చూసి జాలిపడింది.

"కండ్లు పోతాయి ఏలీయా, మజ్జిగ తాగు."

తాగాను. పక్క కుర్చీలో ఈశ్వరన్న ఒక్కొక్క ఫోటో తెరుస్తున్నాడు, తిప్పుతున్నాడు. ఆయనకు మజ్జిగ ఇవ్వలేదు. ఆయన నొసలు చిట్లించడు కదా.

19 జూన్

దొరికిపోయాను. నేను వాకిట్లో టీ తాగుతున్నాను, లోపల నా కంప్యూటర్ పని చేస్తోంది. హరన్న అటూ ఇటూ చూశాడు.

"ఏందిది? దయ్యమా?"

చెప్పక తప్పలేదు. చెప్పాను. హరన్న నా వీపు మీద చరిచాడు. "ఓరి నీ పాసుగుల! ఇన్నాళ్ళూ యాడ దాచినావప్పా ఈ తెలివి?" అన్నాడు. ఈశ్వరన్న వింటూ ఉన్నాడు. చవితి దాకా ఆగే పని లేదని నాకు అనిపించింది. పాపం ఈశ్వరన్న అని కూడా అనుకున్నాను.

అప్పుడు హరన్న, "ఏ మీట?" అన్నాడు. చూపించాను. ఆయన నొక్కాడు. నాకు చేసినట్టే ఆయనకూ చేసింది.

21 జూన్

ఉమాదేవి వదిన కూడా నొక్కింది. ఆమెకు కంప్యూటర్ తెలియదు. ఒక చేత్తో చీపురు పట్టుకుని ఇంకో చేత్తో నొక్కింది. ఆమెకూ చేసింది.

"ఇంతేనా?" అంది.

నిద్ర పట్టలేదు. ఉక్క.

28 జూన్

ఆళ్ళగడ్డ పోయొచ్చాం, నేనూ ఈశ్వరన్నా. అక్కడ కంబగిరాచారి అని పేరున్న శిల్పి. ఆయన చేసిన విగ్రహాలన్నిటికీ ఫోటోలు తీసి పుస్తకం వెయ్యాలట, ఊరూరా గుడి కమిటీలకు పంపుతారట. మేం బస్సెక్కే ముందర హరన్న చెప్పాడు, ఈ పుస్తకం ఎవరి చేతిలో బాగా వస్తే వాళ్ళే ఉంటారని.

ఆచారి పెరడంతా రాతి పొడి. ఉలి దెబ్బలకు చెవులు దిమ్మెక్కాయి. అన్నిట్లోకీ పెద్దది లక్ష్మీనరసింహస్వామి. ఈశ్వరన్న దాని ముందర చెప్పులు విప్పాడు. ఆయన ఏటా నడిచి అహోబిలం పోతాడు. నేను కొంచెం దూరంగా నిలబడ్డాను.

"ఏమప్పా, ఆడనే నిలబడ్నావ్?" అన్నాడు ఆచారి.

"ఆయన చర్చి మనిషిలే స్వామీ," అన్నాడు ఈశ్వరన్న.

"అయితే ఏంది? రాయికి లేని పట్టింపు మనకెందుకు? రా, నీళ్ళు పొయ్యి. తడిస్తే నల్లగా తేలతాది, ఫోటో బాగుంటాది."

చెంబుతో పోశాను. స్వామి భుజాల మీద, అమ్మవారి మీద పోశాను. ఈశ్వరన్న లైటు సర్దాడు. కొత్త కెమెరాతో తీశాం. ఆచారి కూతురు భ్రమరాంబిక వెనకాలే తిరిగింది. ఆర్డర్లన్నీ చూసేది ఆమే.

"మా నాయన కొలతల్లో వెంట్రుక తేడా రాదన్నా. పుస్తకం బెంగుళూరు దాకా పోతాది. జాగర్తగా చెయ్యండి."

"మా దగ్గర మిషనే చేస్తుందమ్మా, తేడా రాదు," అన్నాను.

1 జూలై

ఎఫ్‌టూ. టీ తాగి వచ్చేసరికి దేవుళ్ళందరూ సైజుకొచ్చి, రంగెక్కి, అంచు కట్టుకుని వరుసగా ఉన్నారు.

ప్రూఫ్ తీసి ఈశ్వరన్నకు చూపించాను. ఫోటోల పని నాకూ, ప్రూఫ్ చూడటం ఆయనకూ అని హరన్నే పంచాడు. ఈశ్వరన్న మెల్లగా తిప్పాడు. నరసింహస్వామి పేజీ దగ్గర ఆగాడు. కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. నా మొహం చూశాడు. మళ్ళీ పేజీ చూశాడు.

"బాగుండాది," అన్నాడు.

ఆయన నా పనిని బాగుందనడం ఇదే మొదటిసారి. ఇంటికొచ్చి లూదియాకు చెప్పాను. "ఈశ్వరన్న అట్లన్నాడా?" అని రెండుసార్లు అడిగింది. ఈశ్వరన్న మంచి మనిషి.

2 జూలై

పుస్తకం అచ్చుకు పోయింది.

15 జూలై

ఆచారి, భ్రమరాంబిక వచ్చారు. కుర్చీ వేస్తే ఆచారి కూర్చోలేదు. అరవలేదు కూడా. పుస్తకం తెరిచి నరసింహస్వామి పేజీ కౌంటర్ మీద పరిచాడు.

"హరీ, అమ్మవారు యాడ కూచోనుంది?"

హరన్న చూశాడు. "తొడ మీద స్వామీ."

"ఏ తొడ?"

హరన్న మళ్ళీ చూశాడు. పుస్తకం తన వైపుకు లాక్కున్నాడు.

"ఎడమ తొడ మీద పెండ్లాం కూచుంటాది. కుడి తొడ బిడ్డది. నేను రాతిలో పెండ్లాన్ని కూచోబెట్టినా. మీరు పుస్తకంలో బిడ్డను చేసినారు."

భ్రమరాంబిక పేజీలు తిప్పింది. "ఈడ చూడన్నా, ఎంకటేశ్వరస్వామి శంఖం, చక్రం చేతులు మార్చుకునుండాడు. వినాయకుని తొండం ఆ పక్కకు పోయింది. బనగానపల్లె కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, మీ నాయనకు కండ్లు కనపడతాండాయా అని అడిగినారు. మా నాయన రెండు పొద్దుల నుంచి ఉలి పట్టలా."

నాకు అప్పుడు వెలిగింది. ఎఫ్‌టూలో మొదటి పని అద్దం తిప్పడం. నెగెటివ్ అయితే బోర్లా వస్తుంది కాబట్టి తిప్పాలి. కొత్త కెమెరా ఫోటో సరిగ్గానే వస్తుంది. ఎఫ్‌టూ దాన్ని కూడా తిప్పింది. చెప్పింది చెప్పినట్టు చేసింది. నేను ఆదివారం చర్చికి పోయేవాణ్ణి, ఏ తొడో నాకేం తెలుసు? ఎఫ్‌టూకు అసలే తెలియదు.

హరన్న ఈశ్వరన్న వైపు తిరిగాడు. "ప్రూఫ్ నువ్వు చూడలేదా?"

"చూసినా అన్నా. గమనించలా."

ఆచారి ఈశ్వరన్నను చాలాసేపు చూశాడు. పుస్తకం మూశాడు.

గమనించలేదట. ఏటా అహోబిలం నడిచి పోయే మనిషి. చెప్పులు విప్పిన మనిషి. కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూసిన మనిషి. గమనించలేదట! బాగుండాది అన్నావు కదన్నా అని అడగాలనుకున్నాను. కంప్యూటర్ దగ్గరికి పోయి ఆ పేజీ తెరిచాను.

16 జూలై

హరన్న చెప్పాడు, పుస్తకం సరిచేసి పొమ్మన్నాడు. పొమ్మనడంలో ఉన్నది నాకు అర్థమైంది. ఉమాదేవి వదిన చీర కొంగుతో కౌంటర్ తుడుస్తూనే ఉంది, నా వైపు చూడలేదు.

సరిచేయడానికి ఏముంది? యాక్షన్స్ పెట్టె తెరిచి, అద్దం తిప్పే వరస ముందర ఉన్న టిక్కు తీసేశాను. ఎఫ్‌టూ నొక్కాను. ఈశ్వరన్న వెనక నిలబడి ఉన్నాడు, నేను ఏం తీశానో ఆయనకు కనపడకుండా నా భుజం అడ్డం.

"ఇంక ఎఫ్‌టూ నొక్కితే చాలు గదా?" అన్నాడు.

"చాలు," అన్నాను.

పాత పుస్తకాలు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. దేవుళ్ళ బొమ్మలు పారెయ్యకూడదు, పెట్టుకోనూకూడదు. ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు.

తీసిన టిక్కు మళ్ళీ పెట్టలేదు. మర్చిపోయాను.

18 జూలై, ఆదివారం

పక్కింటి లింగమ్మక్క చెప్పింది, అధిక మాసం వచ్చిందట, నెలరోజులు పెళ్ళిళ్ళు లేవట. హరన్న పెళ్ళిళ్ళు మాత్రం ఇంకా పాత కెమెరాతో, ఫిల్ము మీదే తీయిస్తాడు. కొత్తదాన్ని జనంలోకి తీసుకుపోవడానికి భయం. పెళ్ళిళ్ళు లేవంటే నెగెటివ్‌లు లేవు. టిక్కుకు తొందర లేదు.

20 జూలై

స్టూడియోకు ఫోన్ చేసి టిక్కు సంగతి చెబుదామని పోయాను. కాయిన్ బాక్సు పనిచేయలేదు.

21 జూలై

పనిచేస్తోంది. చిల్లర లేదు.

23 జూలై

చిల్లర ఉంది. ముందర ఒకావిడ కూతురితో మాట్లాడుతోంది. ఆడవాళ్ళను తొందరపెట్టడం మర్యాద కాదు. వచ్చేశాను.

2 ఆగస్టు

లూదియా తమ్ముడు సామ్యేలు బేతంచెర్లలో రాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో ఉన్నాడు. అక్కడ లారీలకు ఎత్తే బండల లెక్క రాసుకునే పని ఇప్పించాడు. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు రావాలి. తలలో పొడి, ముక్కులో పొడి, అన్నంలో పొడి. మంచి పనే. ఇక్కడ రాయిని ఏ పక్కకు తిప్పినా రాయే.

లూదియా స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పి వచ్చి, నా చొక్కాలు వాకిట్లో దులుపుతుంది. దులపాల్సినదానికంటే గట్టిగా దులుపుతుంది. అది నాకు కష్టంగా ఉంది.

10 ఆగస్టు

బండలు.

11 ఆగస్టు

బండలు. దగ్గు.

17 ఆగస్టు

అధిక మాసం అయిపోయిందని లింగమ్మక్క చెప్పింది. నేను అడగలేదు, ఆమే చెప్పింది. సరే, నేనే అడిగాను.

22 ఆగస్టు, ఆదివారం

పాస్టరుగారు క్షమించడం గురించి చెప్పారు. బాగా చెప్పారు. నేను హరన్నను క్షమించాను. ఈశ్వరన్నను కూడా చాలావరకు. టిక్కు సంగతి మళ్ళీ మర్చిపోయాను.

26 ఆగస్టు

లూదియా వాళ్ళ స్కూలు కరస్పాండెంటు కొడుకు పెళ్ళి, పాణ్యంలో. పెద్ద పెళ్ళి. లూదియా పోయొచ్చింది.

"మీ హరన్నోళ్ళే ఫోటోలు తీస్తాండారు," అంది.

"ఫిల్మా?"

"నాకేం తెల్సు? ఏం?"

"ఏంలేదు," అన్నాను. అన్నం సయించలేదు. బండల పొడి వల్ల.

3 సెప్టెంబరు

సామ్యేలు నవ్వుతూ చెప్పాడు. నంద్యాలలో ఎవరో స్టూడియోవాళ్ళు పెళ్ళి ఆల్బం ఇచ్చారట. బంతిలో కూర్చున్నవాళ్ళంతా ఎడమచేత్తో తింటున్నారట. పెద్దవాళ్ళు ఎడమచేత్తో అక్షింతలు వేస్తున్నారట. ఆడవాళ్ళందరికీ పైట కుడి భుజం మీద ఉందట. పెళ్ళికొడుకు మేనమామ ఆల్బం చంకలో పెట్టుకుని వీధి వీధికీ చూపిస్తున్నాడట.

"తిరగబడ్నాయి బావా మొత్తం! వెనకాల బోర్డు మింద పేర్లు గూడా తిరగబడ్నాయంట. ఎవురు చేసినారో, కండ్లు లేనోళ్ళు!"

నేను కూడా నవ్వాను. తర్వాత ఫ్యాక్టరీ వెనక్కు పోయి కాసేపు నిలబడ్డాను.

5 సెప్టెంబరు, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి ఈశ్వరన్న మా వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. మా ఇంటికి ఆయన రావడం పిల్లోడు పుట్టినప్పుడు ఒకసారి, ఇప్పుడొకసారి. లూదియా టీ పెట్టడానికి లోపలికి పోయింది. తలుపు వెయ్యలేదు.

"బండల పని ఎట్లుండాది?" అన్నాడు.

"బాగుంది."

"దగ్గుతాండావే."

"అదే పోతుందిలే అన్నా."

ఈశ్వరన్న చెప్పులు మంచం కిందికి నెట్టాడు.

"పాణ్యం ఆల్బం సంగతి విన్నావా?"

"ఏదో అన్నారు."

"నేను నొక్కినా. అది చేసింది. లాబుకు పంపినా. తెరిచి చూడలా. ఎఫ్‌టూ ఉండాది గదా, చూసేదేముండాది అనుకున్యా. హరన్న నోటికొచ్చినట్ల తిట్నాడు. నువ్వొద్దు, ఏలీయానే పిలుచుకోని రాపో అన్నాడు."

"నిన్నే పంపాడా?"

"నన్నే పంపినాడు. ఒకరే చాలంటాండాడు. ఆ ఒకడివి నువ్వే. నేను పిలిచేదానికి వచ్చినా."

ఇదే వినాలని కదా ఇన్నాళ్ళూ కాయిన్ బాక్సు చుట్టూ తిరిగాను. విన్నాక సంతోషం రాలేదు. ఈ మనిషి నాకు మౌస్ పట్టుకోవడం నేర్పాడు, చెయ్యి మీద చెయ్యి వేసి.

"ఏలీయా," అన్నాడు. "ఆ పొద్దు ప్రూఫ్ చూసినప్పుడే నాకు తెలుసప్పా."

"నాకూ తెలుసన్నా, నీకు తెలుసని."

"ముగ్గురాడపిల్లలు నాకు. పని పోతాది అనుకుంటే నోరు రాలా." లూదియా తెచ్చి పెట్టిపోయిన టీ గ్లాసు అందుకున్నాడు. తాగలేదు. "మరి ఈ తిరగబడేది... నీకు తెల్దా?"

"ఒక టిక్కు ఉంది. తీసింది మళ్ళీ పెట్టడం మర్చిపోయాను."

ఈశ్వరన్న నా మొహం చూశాడు. కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు.

"అవున్లే. నేను గూడా గమనించలా గదా," అన్నాడు.

లోపల లూదియా చెంచా గట్టిగా గిన్నెలో వేసింది. బయటికొచ్చి గడపలో నిలబడింది.

"ఇద్దరికీ సిగ్గు లేదు," అంది. "ఆ ఆచారి ఉలి ముట్టకుండా ఉండె. పాణ్యమోళ్ళు ఊరంతా తలొంచుకోని ఉండారు. ఒకాయన చూసి చెప్పలా. ఒకాయన చెప్పాల్సింది మర్చిపోయినాడంట! ఆ మిషనుకు చెయ్యి ఉండాది, కన్ను లేదు. కన్ను ఉండేది మీ ఇద్దరికే, మీరు మూసుకున్నారు."

చెప్పి లోపలికి పోయింది. మేం టీ తాగాం. చల్లారిపోయింది.

"అన్నా, హరన్నకు ఒక మాట చెబుదామా?" అన్నాను. "నొక్కేవాడు ఒకడు కావాలి, చూసేవాడు ఒకడు కావాలి. నొక్కినవాడే చూసుకుంటే, తను చేసిందంతా బాగానే కనపడుతుంది. ఒకరే అయితే మళ్ళీ ఎవరి చెయ్యో, ఎవరి తొడో మారుతుంది. నేనొక్కణ్ణి రానని చెప్పు."

"ఒప్పుకుంటాడంటావా?"

"పెళ్ళికొడుకు మేనమామ ఇంకా ఊర్లోనే తిరుగుతున్నాడా?"

"తిరుగుతాండాడు."

"ఒప్పుకుంటాడు."

6 సెప్టెంబరు, సోమవారం

హరన్న చాలా అరిచాడు. మా ఇద్దరి మీదా కలిపి అరిచాడు కాబట్టి ఇద్దరినీ ఉంచుకున్నాడనే అర్థం. ఉమాదేవి వదిన మజ్జిగ రెండు గ్లాసులు తెచ్చింది.

యాక్షన్స్ పెట్టెలో టిక్కు పెట్టాను. కెమెరా ఫోటోలకు తిప్పడం లేకుండా వేరేది చేసి ఎఫ్‌త్రీ మీట ఇచ్చాను. దానికి ఈశ్వర్ అని పేరు పెట్టాను. ఏ మీట దేనికో ఈశ్వరన్నకు చూపించాను, ఈసారి భుజం పక్కకు జరిపి.

పాణ్యం పెళ్ళి మళ్ళీ చేశాం. నేను ఎఫ్‌టూ నొక్కాను. బంతిలో వాళ్ళంతా కుడిచేత్తో తినడం మొదలుపెట్టారు. ఈశ్వరన్న ఒక్కొక్కటే చూశాడు.

"బాగుండాది," అన్నాడు.

"మళ్ళీ చూడన్నా," అన్నాను.

మళ్ళీ చూశాడు.